రెండు వీధుల పనారే అబ్బ

తకోరా ఊరు
హతోర్ నెల

తమ్ముడు పెకూసికి అక్క తయేసి రాస్తున్నది.

నువ్వు క్షేమంగా ఉండాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. నిన్ను అడిగితే జవాబు రాదు కాబట్టి ఆయన్నే అడుగుతున్నాను. ఎడారిలో మాట పొదుపుగా వాడాలన్నది మీ నియమం కావచ్చు. కానీ చౌడు మోసే సోతే ఒంటెలకి నీ ఉత్తరం ఏమంత బరువు? సోతే వచ్చినప్పుడల్లా నా రొట్టెల పొయ్యి దగ్గర ఆగి, "మీ తమ్ముడు బాగానే ఉన్నాడమ్మా, కాస్త నల్లబడ్డాడు" అంటాడు. నువ్వు ఎడారిలో నల్లబడతావని నాకు సోతే చెప్పాలా?

వరద తీసింది. నేల మెత్తగా, చేతికి వెన్నలా తగులుతోంది. గోధుమ చల్లాం. ఎలుకలు మాత్రం చల్లినదాంట్లో తమ వాటా తాము తీసుకుంటున్నాయి. మెట్ట వీధి వాళ్ళ చేలకి ఈ ఏడు కూడా నీళ్ళు సగమే ఎక్కాయి. కాలువ పూడిపోయింది కదా. తవ్వాల్సింది మీరంటే మీరని రెండు వీధులూ ఎప్పటిలాగే చేతులు కట్టుకుని కూర్చున్నాయి. మా కాలువ వీధి వాళ్ళు తూము మాదంటారు, మెట్ట వీధి వాళ్ళు కాలువ తల మాదంటారు. రెంటి మధ్యా తుమ్మలు మొలిచాయి.

కోడలు తెరూఫాకి నెలలు నిండుతున్నాయి. కాళ్ళు వాచాయి గాని నోరు తగ్గలేదు.

అది సరే, మీ గురువు పనారే అబ్బ ఎలా ఉన్నారు? తింటున్నారా? దగ్గు ఉందా? నడుస్తున్నారా, మంచం పట్టారా? ఈ చలికాలం గడుస్తుందంటావా? ఊరికే అడుగుతున్నాను. మన ఊళ్ళో పుట్టినవారు కదా, ఆ అభిమానం.

సోతేతో అత్తిపళ్ళు, ఎండు చేపలు, ఉన్ని దుప్పటి పంపాను. దుప్పటి నీకు. ఎవరికైనా ఇచ్చేశావని తెలిస్తే వచ్చి చెవి మెలేస్తాను.

మీ అక్క


చౌడు లోయ
ఖోయాక్ నెల

అక్కకి పెకూసి వందనాలు.

దుప్పటి నా దగ్గరే ఉంది. అత్తిపళ్ళు మాత్రం అబ్బ ఒకటి రుచి చూసి, మిగతావన్నీ పక్క గుడిసెలో జబ్బుగా ఉన్న తెమ్మోనన్నకి పంపేశారు. "మీ అక్క చేతి తీపి ఒక్క పండుతోనే తెలిసిపోయింది" అన్నారు. నీ చెవులకి చేరాలని ఆ మాట రాస్తున్నాను.

మొన్న లోయ అవతల నుంచి ఒక సన్యాసి వచ్చాడు. ఏళ్ళ తరబడి మనిషి మొహం చూడకుండా ఉన్నాననీ, ఇప్పుడు తనకి కోపమన్నదే లేదనీ చెప్పుకున్నాడు. అబ్బ చేతిలో తాటినార తాడు ఆపకుండా పేనుతూనే, "ఎవరూ లేనిచోట కోపం పోయిందో, నిద్రపోయిందో ఎలా తెలిసింది నాయనా?" అని అడిగారు. ఆ సన్యాసికి కోపం వచ్చింది.

అబ్బ ఆరోగ్యం బాగానే ఉంది. మోకాళ్ళు కాస్త నెప్పి, అంతే.

మన ఊళ్ళో పుట్టినవారని రాశావు. ఎందుకు వచ్చేశారో నీకు తెలుసా? నాకూ ఈ మధ్యే తెలిసింది. ఆయన మెట్ట వీధి బిడ్డ. తల్లి పురిట్లోనే పోయింది. కాలువ వీధిలో హత్రే అనేవాడి తల్లి, ఒక పక్క కొడుక్కీ ఒక పక్క ఈయనకీ పాలిచ్చి పెంచింది. ఇద్దరూ కలిసే చేపలు పట్టారు, కలిసే పెద్దవాళ్ళయ్యారు. తర్వాత తూము దగ్గర రెండు వీధులూ కర్రలతో కొట్టుకున్న ఏడు హత్రే కాలు విరిగింది. జిల్లా అధికారి వచ్చి పనారేని పిలిపించి, "కొట్టిందెవరో నువ్వు చూశావు, చెప్పు" అన్నాడట. చెబితే సొంత మేనమామ వీపు కొరడా దెబ్బలతో చిట్లుతుంది. చెప్పకపోతే పాలు పంచుకున్నవాడికి అన్యాయం. ఆయన నోరు తెరవలేదు. సాయంత్రం హత్రే గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తట్టలేక, అట్నుంచి అటే పడమటికి నడిచారు.

"నేను దేవుణ్ణి వెతుక్కుంటూ రాలేదు నాయనా. రెండు వీధుల నుంచి పారిపోయి వచ్చాను. దేవుడు దారిలో కనబడ్డాడు" అంటారు.

ఆ హత్రే బతికే ఉన్నాడా అక్కా? అబ్బ అడగరు. నేను అడుగుతున్నాను.

పెకూసి


తకోరా
తోబి నెల

తమ్ముడూ,

హత్రే బతికే ఉన్నాడు. బతికున్న వాళ్ళందరినీ తిడుతూ ఉన్నాడు. మా వీధి చివర గుమ్మంలో కుంటికాలు చాపుకుని వలలు బాగుచేస్తాడు. ఆయన ముందు పనారే అబ్బ పేరెత్తితే ఉమ్మేస్తాడు. ముసలి చాదస్తం అనుకునేదాన్ని. నీ ఉత్తరం చదివాక ఒక రొట్టె పట్టుకుని వెళ్ళాను.

"ఎందుకు?" అన్నాడు.

"వేడిగా ఉంది, తిను బాబాయ్."

"నేను చచ్చిపోతున్నానని ఎవరైనా చెప్పారా?"

"లేదు."

"అయితే పెట్టి పో" అన్నాడు. సందు మలుపు తిరిగి చూస్తే తింటున్నాడు.

ఇక అసలు సంగతి. అబ్బ గురించి ఊరికే అడుగుతున్నానని రాశాను. ఊరికే కాదు. ఎగువన సెన్మారులో ఒక అబ్బని పాతిపెట్టినప్పటి నుంచి ఆ ఊరి దశ తిరిగింది. ఏటేటా ఆయన పోయిన రోజున పడవల్లో జనం దిగుతున్నారు, జ్వరాలు తగ్గుతున్నాయట, పంటకి పురుగు పట్టడం లేదట. దాంతో మనవాళ్ళకి పనారే అబ్బ గుర్తొచ్చారు. మెట్ట వీధి వాళ్ళు "మా వీధిలో పుట్టాడు" అంటారు. మావాళ్ళు "మా పాలు తాగాడు" అంటారు. వాళ్ళు గాడిదల్ని సిద్ధం చేశారు, వీళ్ళు పడవ సిద్ధం చేశారు. పోయాక మీ సన్యాసులు దాచేస్తారేమోనని ప్రాణం ఉండగానే ఎత్తుకొచ్చేద్దామనుకుంటున్నారు. చలి తగ్గగానే బయల్దేరతారు. సంఘపెద్ద అపియాను అడ్డుపడతాడేమో అనుకున్నాను. ఆయన మెట్ట వీధి అల్లుడు. సమాధి కట్టించడం కూడా మొదలుపెట్టాడు.

ఆయన ఒంట్లో ఎలా ఉందో కనుక్కోమని రెండు వీధుల వాళ్ళూ నన్నే పట్టుకున్నారు. సమాధి గుడ్డ నేసింది కూడా నేనే. అలా చూడకు. సన్న అవిసెనార. అంత మంచి గుడ్డ నా చేతి నుంచి ఎన్నడూ దిగలేదు. ఆయన సమాధి ఇక్కడుంటే నువ్వు ఏడాదికోసారైనా వస్తావు కదా అనుకున్నాను. నీకు అమ్మా నాన్నా లేరు, ఉన్నది నేనొక్కదాన్నే, నాకోసం రావు. పోనీ ఆయన కోసమైనా వస్తావని.

కోప్పడితే కోప్పడు. కానీ జవాబు రాయి.

తయేసి


చౌడు లోయ
తోబి నెలాఖరు

అక్కా,

నీ ఉత్తరం చదివి చింపబోయాను. చింపకుండా అబ్బ దగ్గరికి పరిగెత్తి, "లోపలి కొండల్లోకి మారిపోదాం, ఇవాళే" అన్నాను. ఎందుకో చెప్పమన్నారు. చదివి వినిపించాను.

ఆయన నవ్వారు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "నన్ను మెట్ట వీధి వాళ్ళు ఎత్తుకుపోతే కాలువ వీధి వాళ్ళు ఊరుకుంటారా?" అన్నారు.

"ఊరుకోరు."

"కర్రలు తీస్తారా?"

"తీస్తారేమో అబ్బా."

"అంటే నేను చచ్చి కూడా ఇంకో కాలు విరగ్గొడతానన్నమాట."

ఆ తర్వాత నవ్వు లేదు. తాడు చేతిలోకి తీసుకుని, "హత్రే రొట్టె తిన్నాడన్నావే, ఆ ముక్క మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. మళ్ళీ చదవమన్నారు. హత్రే ఉన్నాడో లేడో ఆయనకి ఇన్నేళ్ళూ తెలియదక్కా. ఏ రోజూ అడగలేదు, రోజూ ప్రార్థనలో ఆ పేరు మాత్రం పలికేవారు. బతికున్నవాళ్ళలో చేర్చాలో పోయినవాళ్ళలో చేర్చాలో తెలియక, విడిగా పలికేవారు.

చివరికి, "అంత దూరం రావడానికి వాళ్ళకి శ్రమ ఎందుకు? నేనే వెళ్తాను. చచ్చాక వెళ్తే మాట్లాడలేను గదా" అన్నారు.

నేను కూడా నీకు ఒకటి దాచాను. చలికాలానికి ముందు అబ్బ బావి దగ్గర పడిపోయారు. కళ్ళు దాదాపు పోయాయి. వెలుగూ నీడా తెలుస్తాయి, మొహాలు తెలియవు. రాస్తే నువ్వు ఊరంతా చెబుతావని రాయలేదు. నీమీద నాకున్న నమ్మకం అంతే. చూస్తే అది మరీ తప్పు కూడా కాదు.

నేనూ వస్తానన్నాను. "తెమ్మోనుకి గంజి ఎవరు పోస్తారు?" అన్నారు. "ఇంకెవరైనా" అన్నాను. "ఆ ఇంకెవరైనా పేరు చెప్పు" అన్నారు.

సోతే ఒంటెల గుంపుతో ఒక్కరే వస్తున్నారు. నీకు అప్పగిస్తున్నాను. ఆయన పోయాక చూసుకోవాలనుకున్నావు. ఇప్పుడే చూసుకో.

పెకూసి


తకోరా
మెఖీర్ నెల

తమ్ముడూ,

మీ అబ్బ చేరారు. ఎలా చేరారో విను.

సోతే ఒంటెలు వచ్చి ఆగాయి. చౌడు దుమ్ము కొట్టుకుని తలనుంచి పాదాల దాకా తెల్లగా ఉన్న ముసలాయన ఒకాయన దిగి, గోడ పట్టుకుని వాసన వెంబడి నా పొయ్యి దగ్గరికి వచ్చారు. బస్తాలెత్తే మనిషి అనుకున్నాను. "అమ్మా, మాడిన రొట్టె ఎవరికీ వద్దంటే నాకిస్తావా?" అన్నారు. నాకు అప్పుడు ఊపిరాడనంత పనిగా ఉంది, పొయ్యి చుట్టూ జనం. "మాడిందీ మంచిదీ రెండూ తీసుకో తాతా, ఆ మూల కూర్చో, దారికి అడ్డం" అన్నాను. మీ అబ్బని దారికి అడ్డం లెమ్మన్నాను. ఆయన మూల కూర్చుని, తిని, చేతులు దులుపుకుని, "పెకూసి అక్కవి నువ్వేనా? నీ రొట్టె గురించి చెబుతూ వాడు మా అందరి ఉపవాసాలూ పాడుచేస్తుంటాడు" అన్నారు. నా చేతిలో పిండి అలాగే ఉండిపోయింది.

కబురు తెలిసి రెండు వీధులూ వచ్చిపడ్డాయి. శవం కోసం సిద్ధపడ్డవాళ్ళకి మనిషి ఎదురైతే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. అందరూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. అపియాను మాత్రం ముందుకొచ్చి, "అబ్బా, మెట్ట వీధిలో తమరి కోసం విశ్రాంతి స్థలం సిద్ధంగా ఉంది" అన్నాడు. ఏ విశ్రాంతో చెప్పకుండా.

"చూద్దాం పద" అన్నారు అబ్బ. తీసుకెళ్ళారు. కొత్త సమాధి గోడలు చేత్తో తడిమి, లోపలికి దిగి, పడుకుని చూసి, పైకొచ్చారు. "గట్టిగా కట్టారు. ఇందులో గోధుమలు పోసుకోండి, ఎలుకలు దూరవు" అన్నారు. మావాళ్ళు విరగబడి నవ్వారు. ఆయన ఇటు తిరిగి, "మీ పడవ కారుతోందని సోతే చెప్పాడు. ముందది చూసుకోండి" అన్నారు. అప్పుడు వాళ్ళు నవ్వారు.

ఎవరింట్లో ఉంటారని అడిగితే, "నాకున్నది ఒక్క ఒళ్ళు. ఏ వీధికిచ్చినా రెండో వీధికి కోపం" అని, గట్టు మీది పాడుబడ్డ తూము గుడిసెలో దిగారు. పైకప్పుకి మెట్ట వీధి వాళ్ళు ఆకులు తెచ్చారు, మావాళ్ళు చాపలు తెచ్చారు. ఒకరు దిగేదాకా ఇంకొకరు ఎక్కకుండా కప్పు కప్పారు.

సమాధి గుడ్డ నేనే తెచ్చి ఆయన ముందు పెట్టాను. దాచడం ఎందుకని. ఆయన అంచు పట్టుకుని చూశారు. "ఇంత మెత్తటి గుడ్డ నేనెన్నడూ కట్టలేదమ్మా. చచ్చాక చుడితే దీని మెత్తదనం నాకేం తెలుస్తుంది? తెలిసేవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నారు. అంతకు ముందురోజే తెరూఫా ఆడపిల్లని కన్నది. ఇప్పుడు ఆ గుడ్డలోనే పిల్ల పడుకుంటోంది. తడిపేస్తోంది కూడా.

తయేసి


చౌడు లోయ
పరెమ్‌హాత్ నెల

అక్కా,

ఆయన భోంచేశానని చెబితే నమ్మకు. గిన్నె చూడు. చన్నీళ్ళు తాగనివ్వకు. పొద్దున లేవగానే ఎడమ మోకాలు పట్టేస్తుంది, కాస్త నూనె రాయాలి, ఒప్పుకోరు, కీర్తన చదువుతూ రాస్తే ఒప్పుకుంటారు. దారి చూపించేటప్పుడు చెయ్యి పట్టుకోకు, భుజం అందివ్వు.

ఇక్కడ తెమ్మోనన్న గంజి చప్పగా ఉందని విసిరికొట్టాడు. మర్నాడు ఉప్పగా ఉందని విసిరికొట్టాడు. అబ్బ ఉన్నప్పుడు తెమ్మోనన్న ఎంత శాంతంగా ఉండేవాడో అనుకున్నాను. అలా కాదట. అబ్బ మీద కూడా విసిరేవాడట, అబ్బ నాకెప్పుడూ చెప్పలేదు. ఈ సంగతి తెమ్మోనన్నే గర్వంగా చెప్పాడు.

ఒంటరిగా ఉండటానికే ఎడారికి వచ్చాను గదా, ఇప్పుడు నిజంగా ఒంటరిగా ఉంటే గుడిసె చాలా పెద్దదిగా కనిపిస్తోంది. నేను వచ్చేసిన కొత్తల్లో మన ఇల్లు నీకు ఇలాగే ఉండేదేమో. ఆ సంగతి నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

హత్రే ఏమన్నాడు?

పెకూసి


తకోరా
పవోని నెల

తమ్ముడూ,

ఆలస్యం చేశానని తిట్టకు. కోతలయ్యాయి, నూర్పిళ్ళయ్యాయి, ఇంకా చాలా అయ్యాయి. నాకు నింపాదిగా కూర్చుని రాసే తీరిక ఇవాళే దొరికింది. మన ఇల్లు పెద్దదిగా కనిపించేదేమోనని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం పట్టుకుని చాలాసార్లు చదువుకున్నాను. ఇక ఆ లెక్క చెల్లు.

హత్రే సంగతి. అబ్బ వచ్చిన మర్నాటి నుంచే పొద్దున్నే వెళ్ళి ఆయన గుమ్మం పక్కన కూర్చునేవారు. హత్రే మాట్లాడడు. అబ్బ మాట్లాడరు. ఆయన వల కుడతాడు, ఈయన తాడు పేనుతారు. చేపలు కడిగిన నీళ్ళు ఒకరోజు హత్రే ఈయన కాళ్ళ మీదే పారబోశాడు. ఈయన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. కోతలు మొదలయ్యేదాకా ఇంతే. మా వీధి ఆడవాళ్ళం నీళ్ళకి వెళ్ళే దారి మార్చుకుని మరీ అటు వెళ్ళేవాళ్ళం, ఏమైనా మాట్లాడుకుంటారేమోనని.

ఒక పొద్దున నేను రొట్టె తీసుకెళ్ళేసరికి హత్రే నోరు విప్పాడు.

"ఎవరి కోసం కూర్చుంటున్నావ్ రోజూ?"

"నీ కోసమే."

"నా కాలు విరిగినరోజు రావాల్సింది."

"వచ్చాను. తలుపు దాకా."

"తట్టడానికి చేతుల్లేవా?"

"ఆ రోజు లేవురా."

హత్రే వల పక్కన పెట్టాడు. "నేను లోపలే ఉన్నా. నీ అడుగుల చప్పుడు నాకు తెలీదా? ఇప్పుడు తడతాడు, ఇప్పుడు తడతాడు అని చూస్తా ఉన్నా. అమ్మ కూడా విన్నది. పోయేదాకా సాయంత్రమైతే తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు, నువ్వొస్తావని."

నేను రొట్టె పట్టుకుని అక్కడే నిలబడ్డాను, పోలేక, ఉండలేక. "అమ్మని ఎక్కడ పెట్టారు?" అన్నారు అబ్బ.

"కాలువ గట్టున. మెట్ట మీద మాకు చోటిచ్చారా మీవాళ్ళు? కాలువ పూడిపోయి వరద అటు కోసుకుపోతోంది. వచ్చే వరదకో, ఆ పై వరదకో అమ్మ కూడా ఏట్లో కలుస్తుంది."

మర్నాడు అబ్బ గుమ్మం దగ్గరికి రాలేదు. హత్రే వల ముందేసుకుని కుట్టకుండా సందు చివరికి చూస్తూ కూర్చున్నాడు. నేను వెళ్ళి చూస్తే అబ్బ కాలువలో ఉన్నారు. చేతులతో తడుముకుంటూ బురద ఎత్తి, గంపలో పోసి, గట్టుకి మోసి, ఆ తల్లి సమాధి పక్కన కుమ్మరిస్తున్నారు. చూపు లేదు, దారి మధ్యలో తుమ్మముళ్ళు. వద్దంటే వినలేదు. పరిగెత్తుకెళ్ళి హత్రేకి చెప్పాను. "పడి చావనీ" అని, కర్ర పట్టుకుని నాకంటే ముందే బయల్దేరాడు.

గట్టు మీద నిలబడి, "ఒరే గుడ్డోడా, ఆ పక్కన లోతుంది" అని అరిచాడు. "ఏ పక్క?" అన్నారు అబ్బ. "ఎడం పక్క. ఎడమంటే తెలుసా, సన్యాసుల్లో ఎడమా కుడీ ఉంటాయా?" అని తిడుతూనే కూర్చుని జారుతూ కాలువలోకి దిగాడు. గంప ఒక చెవి ఆయన పట్టుకున్నాడు, ఒక చెవి ఈయన పట్టుకున్నారు.

ఆ ఇద్దరు ముసలాళ్ళు బురదలో పడుతూ లేస్తూ ఉంటే చూస్తూ కూర్చోవడం ఎవరికి చేతనవుతుంది? మొదట మా వీధి మగాళ్ళు పారలు తెచ్చారు. మెట్ట వీధి వాళ్ళు గట్టు పైన నిలబడి చూశారు. చివరికి అపియాను పంచె ఎగ్గట్టి దిగాడు. "సంఘపెద్దగా దిగుతున్నారా, మెట్ట వీధి అల్లుడిగానా?" అని హత్రే అడిగాడు. "బురదలో తేడా తెలీదులే బాబాయ్" అన్నాడాయన. దాంతో వాళ్ళూ దిగారు. కాలువ తల నుంచి తూము దాకా తవ్వేశారు తమ్ముడూ. తీసిన మట్టంతా ఆ తల్లి గట్టుకి పోశారు. ఇప్పుడు ఏ వరదా దాన్ని కదల్చదు.

ఇక అబ్బ లోయకి తిరిగొస్తానంటున్నారు. ఇన్ని నెలలూ ఆయన వెనకాలే తిరిగిన జనానికి ఇది పిడుగులా తగిలింది. తూము దగ్గర అందరూ చేరారు. ఇక్కడే ఉండిపోండి, మీ సమాధి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాం, కొట్టుకోం అన్నారు. అబ్బ ఏమీ అనకముందే హత్రే లేచాడు. "వాణ్ణి పోనియ్యండి. మనిషైతే పోట్లాడుకుంటాను. ఎముకలు పెట్టుకుని నేనేం చేసుకోను?" అన్నాడు.

ఇంకో విశేషం. హత్రే కూడా వస్తున్నాడు. "వీణ్ణి ఒక్కణ్ణి పంపితే ఏ ఊళ్ళోనో మళ్ళీ మాడిన రొట్టె అడుక్కుంటాడు" అంటున్నాడు. నీ దగ్గర ఇంకో గిన్నె ఉందా?

తయేసి


చౌడు లోయ
మెసోరే నెల

అక్కా,

ఈ ఉత్తరం మన ఊరి మనుషుల చేతే పంపుతున్నాను. వాళ్ళు నీకు చెప్పే ఉంటారు. అబ్బ వెళ్ళిపోయారు. ఎలా వెళ్ళారో నా చేత్తో రాయాలని రాస్తున్నాను.

ఇద్దరూ వచ్చిన రోజు నుంచి ఈ లోయలో ఇంత మాట ఎన్నడూ వినబడలేదు. హత్రే "నాకు సన్యాసం వద్దు, నేను చుట్టపుచూపుగా వచ్చాను" అంటూనే, ప్రార్థనకి ఆలస్యమైతే మమ్మల్ని కర్రతో పొడిచేవాడు. తెమ్మోనన్న గంజి విసిరితే ఆయన తిరిగి విసిరాడు. అప్పటినుంచి తెమ్మోనన్న పూర్తిగా తాగేస్తున్నాడు. అబ్బ గోడకి ఆనుకుని అన్నీ వింటూ, లోలోపల నవ్వుకునేవారు.

ఆ ఉదయం ఇద్దరూ నీడలో కూర్చుని తాడు పేనుతున్నారు. చిన్నప్పుడు పుచ్చకాయలు దొంగిలించి పారిపోతూ కాలువలో పడిందెవరని వాదన. రోజూ ఉన్న వాదనే.

"నువ్వే పడ్డావురా" అన్నారు అబ్బ.

"నువ్వు. నేను చెయ్యిచ్చి లాగాను."

"నువ్వే."

"నువ్వు."

"సరే, నేనే" అన్నారు అబ్బ.

హత్రే చేతిలో తాడు ఆగింది. పక్కకి తిరిగి చూశాడు. అబ్బ గోడకి ఆనుకునే ఉన్నారు, తాడు ఒళ్ళోనే ఉంది. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు. నేను నీళ్ళకుండ దించి వచ్చేసరికి హత్రే ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాడు. "సరే నేనే అన్నాడ్రా. వాడెప్పుడూ ఒప్పుకోడు. అందుకే అనుమానమొచ్చింది" అన్నాడు నాతో.

నేను ఏడ్చాను అక్కా. కానీ నేను భయపడినంత దుఃఖం కాదు. నిండుగా తిన్నాక విస్తరి మడిచినట్టు ఉంది.

ఇసుకలో పెట్టాం. ఎక్కడో నేనూ హత్రే తప్ప ఎవరికీ తెలియదు. అబ్బ అలాగే అడిగారు.

తర్వాత మనవాళ్ళు వచ్చారు. రెండు వీధుల వాళ్ళూ కలిసి, ఒకే డోలీ భుజాన పెట్టుకుని. ఒక కొమ్ము వాళ్ళు, ఒక కొమ్ము వీళ్ళు. సోతే చెప్పగానే బయల్దేరారట. హత్రే గుమ్మంలోనే ఎదురెళ్ళి, "పాతిపెట్టేశాం" అన్నాడు.

"ఎక్కడ బాబాయ్?"

"ఇసకలో."

"ఇసకలో అంటే ఎక్కడ?"

"ఇసకలోనే."

వాళ్ళు చుట్టూ చూశారు. కంటికి ఆనినంత మేరా అదే. గొడవ పడతారేమో అనుకున్నాను. పడలేదు. కూర్చుని నేను పెట్టిన పప్పూ రొట్టే తిని, అబ్బ కబుర్లు చెప్పుకుని, సాయంత్రం చల్లబడ్డాక లేచారు. డోలీ ఎత్తబోతూ, ఖాళీగా తీసుకెళ్ళడానికి మనసొప్పక ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇక ఏం జరిగిందో డోలీ తెర తీస్తే నీకే తెలుస్తుంది.

ఇక్కడికి రోగుల్ని తెస్తున్నారు, నన్ను కూడా అబ్బ అంటున్నారు. విని సిగ్గుపడి లోపలికి పోతున్నాను. పడవలు నడిచే కాలం రాగానే నేను వస్తాను. నిన్ను చూడటానికే వస్తాను.

పెకూసి


తకోరా
థోత్ నెల, కొత్త సంవత్సరం

తమ్ముడూ,

నీ ఉత్తరం చేతికి వచ్చేలోపే డోలీ వచ్చింది, అదీ తెర కప్పుకుని. ఊరి పొలిమేరలో చూసినవాళ్ళు అబ్బ శరీరమే అనుకున్నారు. రెండు వీధులూ ఖర్జూరపు మట్టలు పట్టుకుని ఎదురెళ్ళాయి. అపియాను ధూపం వేశాడు. ఆడవాళ్ళం జుట్లు విరబోసుకుని శోకాలు మొదలుపెట్టాం. అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే, నిజం చెప్పాలంటే. డోలీ మోసేవాళ్ళు ఏదో చెప్పబోతున్నారు, మా ఏడుపులో ఎవరికి వినిపిస్తుంది? అపియాను మోకరించి అంచు ముద్దు పెట్టుకోబోయాడు.

తెరలోంచి కర్ర ఒకటి బయటికొచ్చి ఆయన నెత్తి మీద తట్టింది.

"దుమ్ములో ఎగుడుదిగుడుగా మోశారు వెధవలు, నడుం విరిగింది" అన్నాడు హత్రే. "ఏడుపు ఆపి ఎవరైనా తిండి పెడతారా?"

ఊరు ఊరంతా నవ్విందిరా. ఏడుస్తున్న మొహాలతోనే. తెరూఫా పిల్ల మా నవ్వులకి జడుసుకుని ఆరున్నొక్క రాగం అందుకుంది.

దింపగానే గొడవ మొదలైంది, ఎవరింట్లో ఉండాలని. మెట్ట వీధి వాళ్ళు మా ఇంటికంటే మా ఇంటికని లాగారు. కాలు విరగ్గొట్టిన ఇంటివాళ్ళ మనవడు అందరికంటే ముందున్నాడు. హత్రే ఎవరి మాటా వినలేదు. తూము గుడిసెలో దింపమన్నాడు. "నా కొంపలో అయితే నేనొక్కణ్ణే పడి ఉండాలి. ఇక్కడైతే వచ్చేపోయేవాళ్ళని తిట్టుకోవచ్చు" అన్నాడు.

వరద వచ్చింది. కొత్త కాలువలో నీళ్ళు మెట్ట చేల చివరిదాకా ఎక్కాయి. తూము పలక ఎత్తడం, దించడం ఇప్పుడు ఆయన పనే. ఎవరు ఎప్పుడు అడగాలో, ఎంత తీసుకోవాలో ఆయనే చెబుతాడు. ఎవరూ ఎదురు చెప్పరు, చెబితే వాళ్ళ తాతల దగ్గర్నుంచీ తిడతాడు కాబట్టి.

రోజూ రెండు వీధుల నుంచీ ఆయనకి రెండు గిన్నెలు వెళ్తాయి. రెండూ తిని, రెంటికీ వంక పెడతాడు. మెట్ట వీధి పప్పులో ఉప్పు ఎక్కువంటాడు, మా వీధి పప్పులో తక్కువంటాడు. ఇవాళ పొద్దున ఆ రెండిళ్ళ ఆడవాళ్ళూ నా పొయ్యి దగ్గర రొట్టెలకి నిలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళిద్దరూ పలకరించుకోగా నేను చూడలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, మెట్ట వీధి ఆవిడే ముందు అడిగింది.

"మీరు ఏ పాటి వేస్తున్నారమ్మా, ఉప్పు?"

తయేసి